పీపీఓలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు: మాజీ సైనికుల పింఛను ఆగేది ఇక్కడే

సంపాదకులు గారికి నమస్కారం.

ఒకే ర్యాంకులో అంతే సర్వీసు చేసినవారికి ఒకే పింఛను అనే వన్ ర్యాంక్ వన్ పెన్షన్ సవరణ వచ్చినప్పుడల్లా పత్రికల్లో మాజీ సైనికుల పింఛన్ల మీద వార్తలు, పట్టికలు వస్తాయి. 2014 జులై 1 నుంచి లెక్కలోకి వచ్చిన ఆ పథకాన్ని అయిదేళ్లకోసారి, 2019లోనూ 2024లోనూ సవరించారు. ఆ వివరాలు అందరికీ చేరుతున్నాయి. చేరనిది వేరే ఉంది. కాగితాలు పట్టుకుని సాయం అడగవచ్చే కుటుంబాల్లో పట్టిక తెలియక నష్టపోయినవాళ్లు తక్కువ. ఒక పేరు దగ్గరో, ఒక పుట్టిన తేదీ దగ్గరో, ఓటీపీలు వెళ్లే మూలపడ్డ పాత సిమ్ కార్డు దగ్గరో ఆగిపోయినవాళ్లే ఎక్కువ. ఇవన్నీ సరిచేసుకోగలిగినవే. కాకపోతే మనిషి బతికుండగా ఒక్క దరఖాస్తుతో అయ్యే పని ఆయన పోయాక భార్యకు ఏళ్ల తరబడి తిరుగుడవుతుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు పేరు సంగతి. మన దగ్గర ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. భర్తీ నాటి కాగితాల్లో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది, ఇంకోచోట చివరికి పోతుంది, మరోచోట అసలే ఉండదు. పెళ్లయ్యాక కుటుంబ వివరాల నమోదుకు యూనిట్‌లో వేయించిన పార్ట్ టూ ఆర్డర్‌లో భార్య పేరు ‘లక్ష్మి’ అని పడుతుంది. ఉత్తరాది గుమాస్తా రాస్తే ‘లక్ష్మీ దేవి’ అవుతుంది. ఆధార్‌లో ఇంటిపేరుతో సహా ‘వెంకట లక్ష్మి’. ఊళ్లో అందరికీ ఆవిడ ఒక్కరే. ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ ‘స్పర్శ్’కు మాత్రం ముగ్గురు. బ్యాంకు మేనేజరు మొహం చూసి గుర్తుపట్టే రోజుల్లో ఈ తేడా బయటపడేది కాదు. ఇప్పుడు రక్షణ శాఖ పింఛన్లు దాదాపు అన్నీ ప్రయాగ్‌రాజ్‌లోని పింఛను లెక్కలు చూసే పీసీడీఏ పెన్షన్స్ కార్యాలయం నుంచి స్పర్శ్ ద్వారా నేరుగా ఖాతాలో పడుతున్నాయి. అక్కడ చూసేది అక్షరాలనే.

కాబట్టి మొదటి పని ఇంట్లోనే చేసుకోవచ్చు. డిశ్చార్జి బుక్‌లో కుటుంబ వివరాల పేజీ, స్పర్శ్ నుంచి దింపుకున్న ఈ-పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు), భార్యాభర్తలిద్దరి ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఒకచోట పరిచి అక్షరం అక్షరం పోల్చండి. ఒకటి రెండు అక్షరాల తేడా అయితే ఆధార్‌ను పీపీఓకు తగ్గట్టు మార్చుకోవడం తేలిక. అయితే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. కంగారుపడి ఆ అవకాశాలు ముందే వాడేసుకుంటే తర్వాత ఇరుక్కుపోతారు. ఏ కాగితాన్ని దేనికి తగ్గట్టు మార్చాలో తేల్చుకున్నాకే ఆధార్ కేంద్రానికి వెళ్లాలి. ఆధార్ మారాక పాన్, బ్యాంకు ఖాతా కూడా అదే వరసలో మార్చుకోవాలి.

పేరే వేరుగా ఉంటే, లేదా భార్య పేరు పీపీఓలో అసలు లేకపోతే, అది సైనికుడి సర్వీసు కాగితాలు ఉండే రికార్డు ఆఫీసు పని. రెండు పేర్లూ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో, ఆధార్, పాన్, పీపీఓ నకళ్లు జతచేసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సంతకం, ముద్ర వేయించి పంపాలి. తెలంగాణలో దీన్నే ప్రాంతీయ సైనిక సంక్షేమ కార్యాలయం అంటారు. రికార్డు ఆఫీసు తన దగ్గరున్న వివరాలు సవరించాక పీసీడీఏ నుంచి సవరణ పీపీఓ వస్తుంది. ఏ రికార్డు ఆఫీసు అన్నది ఏ రెజిమెంటు, ఏ కోర్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల కోర్) వాళ్లది సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆర్టిలరీకి నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్. నేవీ సెయిలర్లది ముంబై, ఎయిర్‌మెన్‌ది ఢిల్లీ. ఉత్తరం పైన కుడివైపు సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు, పీపీఓ నంబరు తప్పకుండా ఉండాలి. ఎంత బాగా రాసిన అర్జీ అయినా సర్వీసు నంబరు లేకపోతే ఫైలు దగ్గరికి చేరదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. నెలలు గడిచినా జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో నా వివాహ పార్ట్ టూ ఆర్డర్ నకలు ఇవ్వండి, నా అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారో చెప్పండి అని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇదే అదనులో చేయించుకోవాల్సిన పని ఇంకొకటుంది. మానసిక లేదా శారీరక వైకల్యంతో సొంతంగా సంపాదించుకోలేని సంతానం ఉంటే, తల్లిదండ్రుల తర్వాత ఆ బిడ్డకు జీవితాంతం కుటుంబ పింఛను వచ్చే నియమం ఉంది. ఆ బిడ్డ పేరును తండ్రి బతికుండగానే వైద్య ధ్రువపత్రంతో పీపీఓలో ఎక్కించుకోవచ్చు, సంరక్షకుడి పేరు కూడా ఇవ్వవచ్చు. చాలామంది తండ్రులకు ఇది తెలియదు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయాక ఆ బిడ్డ తరఫున తిరిగే మేనమామకో అన్నకో ఆ కాగితాలన్నీ మొదటి నుంచి కూడగట్టడం ఎంత నరకమో చూసినవాళ్లకే తెలుస్తుంది.

పింఛనుదారు చనిపోయినప్పుడు జరిగే తప్పుల్లో మొదటిది మౌనం. కర్మకాండల హడావిడిలో ఎవరికీ చెప్పరు, పింఛను మాత్రం ఖాతాలో పడుతూనే ఉంటుంది. ఏటీఎం కార్డు కొడుకు దగ్గర ఉంటుంది, డబ్బు ఖర్చయిపోతుంది. చనిపోయిన రోజు దాకానే ఆయన పింఛను. మరునాటి నుంచి ఆవిడ కుటుంబ పింఛను. మధ్యలో అదనంగా తీసుకున్నది తర్వాత ఆవిడ పింఛనులోంచి కోసుకుంటారు. 21 రోజుల్లోపు మరణాన్ని నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. స్పర్శ్‌లో మరణ సమాచారం ఇచ్చే చోట ఆ పత్రం, ఆవిడ ఆధార్, పాన్, పాస్‌బుక్ అప్‌లోడ్ చేయాలి. పీపీఓలో ఆవిడ పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉంటే రికార్డు ఆఫీసు గడప తొక్కే పని సాధారణంగా ఉండదు. చనిపోయేనాటికి ఆయనకు రావలసి ఉన్న బకాయికి నామినీ పేరు ముందే ఇచ్చి ఉంటే సరే సరి, లేకపోతే వారసత్వ ధ్రువపత్రం కోసం తహశీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాలి.

కుటుంబ పింఛను మొదలయ్యాక ఎంత పడుతోందో కూడా చూసుకోవాలి. మామూలు కుటుంబ పింఛను చివరి జీతంలో 30 శాతం, కనీసం 9,000 రూపాయలు, దాని మీద కరవు భత్యం. కానీ రిటైరయ్యాక తక్కువ వయసులో చనిపోతే మొదట పెంచిన రేటు, అంటే 50 శాతం ఇవ్వాలి. ఆ రేటు 7 ఏళ్లపాటు, లేదా ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండే నాటి వరకు, ఏది ముందైతే అది. 55 ఏళ్లకు పోయిన హవల్దార్ భార్యకు 7 ఏళ్లు, 63కు పోయిన సుబేదార్ భార్యకు 4 ఏళ్లు వస్తుంది. సర్వీసులో ఉండగా చనిపోతే ఈ పెంచిన రేటు 10 ఏళ్లు. సర్వీసు కారణంగా మరణం సంభవిస్తే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ 60 శాతం, యుద్ధంలో అయితే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ 100 శాతం. మొదటి నెల నుంచే 30 శాతం పడుతూ ఉంటే పీపీఓ తీసి ఏ రేటు, ఏ తేదీ వరకు అని రాసి ఉందో చూడండి.

80 ఏళ్లు దాటిన తల్లుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎక్కువ నష్టం, ఎవరూ పట్టించుకోని నష్టం ఇక్కడే. 80 నిండితే మూల పింఛను మీద 20 శాతం అదనం. 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లకు 100 శాతం. భర్త పింఛనుకే కాదు, భార్య తీసుకునే కుటుంబ పింఛనుకూ ఇది వర్తిస్తుంది. అక్కడ చూసేది ఆవిడ వయసు. కనీస పింఛను 9,000 తీసుకునే తల్లికి 80లో నెలకు 1,800, 85లో 2,700, 90లో 3,600 అదనం, దాని మీద మళ్లీ కరవు భత్యం. కానీ పాత పీపీఓల్లో భర్త పుట్టిన తేదీ ఉంటుంది, ఆవిడది ఉండదు. తేదీ లేకపోతే కంప్యూటరుకు ఆవిడ వయసు తెలియదు, పెంపు దానంతట అది రాదు, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. 83 ఏళ్ల తల్లి మూడేళ్ల నుంచి నష్టపోతూ కూడా పింఛను పడుతోందిగా నాయనా అని తృప్తిగా ఉంటుంది.

దీనికి చేయాల్సింది ఈ-పీపీఓలో ఆవిడ పుట్టిన తేదీ గడి చూడటం. ఖాళీగా ఉన్నా తప్పుగా ఉన్నా ఆధార్, పాన్, ఓటరు కార్డు వంటి ఆధారాలతో స్పర్శ్‌లో సవరణ కోరాలి, లేదా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకు రాయాలి. ఇక్కడ ఇంకో చిక్కు. చదువుకోని పెద్దవాళ్ల ఆధార్‌లో సంవత్సరం అందాజాగా వేసి, తేదీ జనవరి 1 అని పెట్టి ఉంటుంది. పాన్‌లో ఒకటి, ఓటరు కార్డులో ఒకటి ఉంటే అర్జీ వెనక్కి వస్తుంది. పంపే రెండు మూడు ఆధారాల్లో తేదీ ఒకటేనా అని చూసుకున్నాకే పంపండి. తేదీ ఎక్కాక పెంపు ఇకముందుకే కాకుండా 80 నిండిన నెల నుంచి బకాయితో సహా అడగండి.

ఇక నవంబరు. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పింఛను ఆగుతుందని అందరికీ తెలుసు. ఇచ్చినా ఎందుకు ఆగుతోందో తెలియదు. ఆ సర్టిఫికెట్‌ను ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో పింఛను ఎవరు ఇస్తున్నారు అన్న ప్రశ్న వచ్చినప్పుడు సెంటర్‌లో కుర్రాడు పాస్‌బుక్ చూసి బ్యాంకు పేరు కొడతాడు. డబ్బు ఆ బ్యాంకులోనే పడుతోంది కదా అన్నది అతని లెక్క. స్పర్శ్‌లోకి మారిన పింఛనుదారుకు అది తప్పు. ఆర్మీవాళ్లయితే మంజూరు చేసేది రక్షణ శాఖ పీసీడీఏ పెన్షన్స్, చెల్లించేది స్పర్శ్ పీసీడీఏ పెన్షన్స్ అని ఎంచుకోవాలి. ప్రయాగ్‌రాజ్ పాత పేరు అలహాబాద్ కనబడినా తడబడనక్కర్లేదు. పీపీఓ నంబరు కూడా పాతది కాదు, స్పర్శ్ ఇచ్చిన కొత్తది వేయాలి. తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నారా, మళ్లీ ఉద్యోగంలో చేరారా అన్న ప్రశ్నలు వస్తాయి. చదవకుండా అవును అని నొక్కితే ఆన్‌లైన్ దారి మూసుకుపోతుంది, కాగితం మీద ఇచ్చుకోవాలి.

ప్రమాణ్ ఐడీ ఎస్ఎంఎస్ రాగానే పని అయిపోయిందని ఇంటికి వెళ్లిపోతారు. సర్టిఫికెట్ తయారైందనే దాని అర్థం, పింఛను ఇచ్చేవాళ్లు అంగీకరించారని కాదు. వారం తర్వాత స్పర్శ్‌లో లాగిన్ అయి తేదీ మారిందో లేదో చూడాలి. పొలం పనులతో వేళ్లు అరిగి వేలిముద్ర పడని పెద్దాయనలకు ఫోన్‌లోనే ముఖ గుర్తింపుతో ఇవ్వవచ్చు. దానికి జీవన్ ప్రమాణ్ యాప్‌తోపాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా ఉండాలి. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే తీసుకోదు. మంచం పట్టినవాళ్ల దగ్గరికి పోస్ట్‌మ్యాన్ వచ్చి చేసిపెట్టే సదుపాయం ఉంది. 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు, నవంబరు దాకా ఆగనక్కర్లేదు. ఒకసారి ఆగినా సర్టిఫికెట్ చేరగానే ఆగిన నెలల డబ్బుతో సహా వస్తుంది. పోయిందని వదిలేయవద్దు. ఇక స్పర్శ్ నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి అంటూ ఎవరు ఫోన్ చేసినా పెట్టేయండి.

వైకల్య పింఛను విషయంలో ఒక లెక్క చెబుతాం. వైకల్యం 100 శాతం అయితే చివరి జీతంలో 30 శాతం. 20 శాతం వైకల్యంతో 40,000 రూపాయల జీతం మీద బయటికి వచ్చిన జవానుకు మామూలు లెక్కన వచ్చేది నెలకు 2,400. బ్రాడ్ బ్యాండింగ్‌లో 50 శాతం లోపు వైకల్యాన్ని 50గా, 50 నుంచి 75 దాకా 75గా, ఆపైన 100గా లెక్కిస్తారు. అప్పుడు అదే జవానుకు 6,000. పూర్తి సర్వీసు చేసి రిటైరైనవారికీ ఇది వర్తిస్తుందని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చేరినప్పుడు రికార్డులో లేని జబ్బు సర్వీసులో వస్తే అది సర్వీసు వల్ల వచ్చిందనే భావించాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి కాబట్టి ఆ తర్వాత బయటికి వచ్చినవారు తమకు ఏవి వర్తిస్తాయో ముందు చూసుకోవాలి. తిరస్కరణ ఉత్తరం వస్తే 6 నెలల్లో మొదటి అప్పీలు, తర్వాత రెండో అప్పీలు, ఆపైన సాయుధ దళాల ట్రిబ్యునల్. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పాత బకాయిని దావాకు ముందు 3 ఏళ్లకే పరిమితం చేసింది, కాబట్టి ఆలస్యం ఖరీదైనది. సర్వీసు నుంచి బయటికి వచ్చేటప్పుడు వైద్యులు రాసిన రిలీజ్ మెడికల్ బోర్డు నివేదిక నకలు చేతిలో లేకుండా ఎవరి దగ్గరికీ వెళ్లవద్దు. వచ్చిన బకాయిలో ఇంత శాతం ఇవ్వాలని మాట తీసుకునే పైరవీకారుల దగ్గరికి అసలే వద్దు.

పింఛను లేకుండా తక్కువ సర్వీసుతో ఇంటికి వచ్చినవాళ్లను ప్రభుత్వం మరచిపోలేదు, వాళ్లకే చెప్పినవాళ్లు లేరు. 65 దాటిన, పింఛను లేని హవల్దార్, అంతకు తక్కువ ర్యాంకు వారికీ, వారు పోయాక వారి భార్యలకూ కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే పెన్యూరీ గ్రాంట్ (పేదరిక సాయం) నెలకు 4,000 ఉన్నది 8,000 రూపాయలైంది. పిల్లల చదువుకు ఒక్కొక్కరికి నెలకు 1,000 ఉన్నది 2,000, ఇద్దరి దాకా. కూతురి పెళ్లికి 50,000 ఉన్నది లక్ష, దరఖాస్తు పెళ్లయిన 180 రోజుల్లోపు. ఈ కొత్త రేట్లు 2025 నవంబరు 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు. బోర్డు వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసి, అసలు కాగితాలు సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించాలి. దరఖాస్తు పెట్టి అక్కడికి వెళ్లకపోవడమే చాలావాటిని ఆపుతోంది. కలర్ (సైన్యంలో పనిచేసిన), రిజర్వు (ఇంటికి వచ్చాక పిలిస్తే వెళ్లాల్సిన) సర్వీసు కలిపి 15 ఏళ్లు నిండినవారికి రిజర్విస్టు పింఛను నియమం ఉంది. పాత డిశ్చార్జి బుక్‌లో రిజర్వు అన్న మాట కనబడితే పింఛను లేదని తేల్చేయకుండా ఎవరికైనా చూపించండి.

వైద్యం గురించి రెండు మాటలు. మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ సభ్యులు అత్యవసరంలో జాబితాలో లేని ఆస్పత్రిలో చేరితే 48 గంటల్లోపు దగ్గరి పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. అర్ధరాత్రి గుండెనొప్పితో చేర్చినవాళ్లకు ఈ గంటలు గుర్తుండవు. అందుకే పాలీక్లినిక్ నంబరు కార్డు వెనకే అంటించి పెట్టుకోవాలి. అత్యవసరంగా చేరినట్టు డాక్టరు రాసిన కాగితం, డిశ్చార్జి సమ్మరీ, విడివిడి బిల్లులు ఉంచుకోవాలి. తిరిగి వచ్చేది నిర్ణీత రేట్ల ప్రకారమే, కట్టినదంతా రాదు. భర్త పోయాక ఆవిడ పేరును ప్రధాన సభ్యురాలిగా మార్చుకోవడం మరవద్దు.

ఇవన్నీ ఎవరు చెప్పాలి? జిల్లాలు పెరిగాయి గానీ కొత్త జిల్లాలన్నిటా సైనిక సంక్షేమ కార్యాలయం లేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లో అడిగితే చెప్పే పాత సుబేదార్ ఎవరో ఒకరు ఉంటారు. ఊరికి ఒక్కరే జవాను వెళ్లిన చోట ఆయన భార్యకు ఎవరూ లేరు. రెండు రాష్ట్ర ప్రభుత్వాలకు మా విన్నపం ఒకటే. నెలకు ఒక రోజు, ముందే ప్రకటించిన తేదీన, సంక్షేమ కార్యాలయ సిబ్బంది ఒకరు మండల కేంద్రంలో కూర్చోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో పనిచేసేవారికి స్పర్శ్, జీవన్ ప్రమాణ్ మీద ఒక పూట శిక్షణ ఇవ్వాలి. మరణ ధ్రువపత్రం ఇచ్చే పంచాయతీ కార్యదర్శి చనిపోయినాయన మాజీ సైనికుడా అని ఒక్క ప్రశ్న అడిగి, అవునంటే ఆ సమాచారం సంక్షేమ కార్యాలయానికి పంపాలి. దీనికి కొత్త పోస్టులూ అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు.

మీకు కూడా ఒక విన్నపం. ఏటా సెప్టెంబరు చివరి ఆదివారం జిల్లా పేజీల్లో ఒక చిన్న పెట్టె కట్టి మూడు సంగతులు వేయండి. జీవన్ ప్రమాణ్‌లో బ్యాంకు కాదు, స్పర్శ్ ఎంచుకోవాలని. పీపీఓలో అమ్మ పుట్టిన తేదీ చూడాలని. ఆ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఎక్కడుందో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో. కత్తిరించి పీపీఓ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకునేంత సైజులో ఉంటే చాలు.

ఇట్లు,
మాజీ సైనికుల కుటుంబాలకు పింఛను కాగితాల్లో సాయపడుతున్న కార్యకర్తలు